వానకు ముందు సూది, అంగడి తర్వాత వేరు దొడ్డి: మా జీవాల ఆరోగ్య డైరీ

భరణి కార్తె

నల్లగొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లో, కాలువ నీరు అందని మెట్ట భూముల మధ్య ఉంది మా ఊరు. ఇక్కడి గొర్రెల పెంపకందారుల సహకార సంఘం సభ్యులం ఈ ఏడు ఒక పని తలపెట్టాము. రోగం వచ్చాక దవాఖానకు పరుగెత్తడం కాకుండా, మృగశిర చినుకులు పడేలోపే మందలకు చేయవలసిన పనులన్నీ ఒక వరుసలో పూర్తి చేయాలి. ఆ తర్వాత వరికోతలకు మందలు కదిలేదాకా ఏ మందలో ఏం జరిగిందో పుస్తకంలో రాసి పెట్టాలి. సంఘం లెక్కలు చూసే బాధ్యత నాది కనుక ఈ డైరీ కూడా నేనే రాస్తున్నాను. తేదీలకు బదులు కార్తెలు రాస్తున్నది మా కాపరుల కోసం. గడ్డి ఎప్పుడు మొలుస్తుందో, దోమలు ఎప్పుడు ముసురుతాయో, మందను ఎప్పుడు కదపాలో వారు కార్తెలతోనే లెక్క కడతారు, గొర్రెల రోగాలు కూడా దాదాపుగా ఆ లెక్కనే వస్తాయి.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1 కోటి 90 లక్షలు ఉన్నాయి. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఇంత సంపద ఉన్న చోట ఒక మందకు ఎన్ని సూదులు పడ్డాయో, ఎప్పుడు పడ్డాయో ఇంటి యజమాని నోటి లెక్క తప్ప మరో ఆధారం లేకపోవడం నాకు మొదటి నుంచీ బాధగా ఉండేది. అందుకే ముందుగా పుస్తకం కట్టాము. ప్రతి మందకూ ఒక పుట. అందులో తల్లి గొర్రెలు, పొట్టేళ్లు, నాలుగు నెలలు నిండిన పిల్లలు, నిండని పిల్లలు, సూడివి అని వేర్వేరు గడులు గీశాము. చెవి పోగు ఉన్న వాటి నంబరు రాశాము, లేని వాటికి కాపరి చెప్పిన గుర్తు రాశాము. ప్రతి జీవాన్నీ దాని ముఖం చూసి చెప్పగలిగే కాపరుల ముందు నంబర్ల అవసరం మొదట చిన్నదిగా కనిపించింది. అయితే మంద చేతులు మారినప్పుడు, కాపరి పని మానేసినప్పుడు ఆ గుర్తులన్నీ ఆయనతోనే వెళ్లిపోతాయని చెప్పగానే అందరూ ఒప్పుకున్నారు.

కృత్తిక కార్తె

నట్టల మందు. ఏటా శిబిరంలో మందు పోయించడం మా ఊరికి అలవాటే. ఈసారి పద్ధతి మాత్రం మార్చాము.

గొర్రె నాలుగో పొట్టలో చేరి రక్తం పీల్చే సన్నని నట్టలు మా ప్రాంతంలో పెద్ద శత్రువులు. అవి పెరిగితే గొర్రె కనురెప్ప లోపలి ఎర్రదనం తగ్గి పాలిపోతుంది, ముదిరితే దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా అనే రంగుల కార్డును రెప్ప పక్కన పట్టి, ఎరుపు నుంచి తెలుపు దాకా ఉన్న ఐదు మెట్లలో ఆ గొర్రె ఏ మెట్టు దగ్గర ఉందో పోల్చి చూస్తే, మందు ఎవరికి అవసరమో చాలావరకు తెలిసిపోతుంది. పశువైద్యాధికారి ఆ కార్డును ఎలా పట్టాలో చూపించారు. ఎండలో నిలబడి, బొటనవేలితో పై రెప్పను మెల్లగా నొక్కి కింది రెప్పను లాగి చూడాలి. కళ్ల కలక ఉన్న గొర్రెకు, ఎండకు అలసిన గొర్రెకు రెప్ప ఎర్రగానే కనిపించి మోసం చేయవచ్చు. అందుకని కొన్ని మందల నుంచి పేడ నమూనాలు కూడా తీసి పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపాము.

రెప్ప బాగా ఎర్రగా ఉండి ఒళ్లు పట్టి ఉన్న పెద్ద గొర్రెలకు మందు పోయకుండా వదిలేయాలని ఆయన చెప్పినప్పుడు కొందరికి నచ్చలేదు. సర్కారు ఉచితంగా ఇస్తున్న మందును వదులుకోవడం ఎందుకన్నారు. కారణం తెలుసుకున్నాక నాకు ఈ పద్ధతి మీద గట్టి నమ్మకం కుదిరింది. అన్నింటికీ ఒకేసారి ఒకే మందు పోస్తే, ఆ మందుకు చావని నట్టలు మాత్రమే మిగిలి, వాటి గుడ్లే బీడంతా నిండుతాయి. కొన్ని గొర్రెలను వదిలేస్తే మందుకు లొంగే నట్టలు కూడా బీడులో మిగిలి ఉంటాయి, మందు పదును ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది. తక్కువ మోతాదు పోయడం వల్ల కూడా ఇదే నష్టం జరుగుతుంది. మేము పోసే ఆల్బెండజోల్ అనే నట్టల మందు మోతాదు కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు. మాకు దొరికే 2.5 శాతం ద్రావణం మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, కాబట్టి 30 కిలోల గొర్రెకు 9 మిల్లీలీటర్లు పోయాలి. కంటి అంచనాతో పోస్తే పెద్ద గొర్రెలకు ఎప్పుడూ తక్కువే పడుతుంది. అందుకే ఈసారి వేపచెట్టు కొమ్మకు కాంటా కట్టి, గోనె పట్టాలో వేసి తూచాము. అప్పుడే పొట్టేలు కలిసిన గొర్రెలకు, అంటే సూడి కట్టిన తొలి నెలలో ఉన్నవాటికి, పిండానికి హాని జరగవచ్చు కనుక ఆల్బెండజోల్ వద్దన్నారు. ఆ గొర్రెల పేర్ల పక్కన పుస్తకంలో ఎర్ర గీత పెట్టాము.

మందు పోసేటప్పుడు తల మరీ పైకి ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దవడ కింద చేయి పెట్టి నేలకు సమంగా పట్టుకోవాలి. బొచ్చు పట్టి లాగడం, వెనక కాలు పట్టి ఈడ్వడం పూర్తిగా మానాలని తీర్మానించుకున్నాము. నిండు సూడి గొర్రెను అలా ఈడ్చిన చోటే ఈసుకుపోయే ప్రమాదం ఎక్కువ.

రోహిణి కార్తె

ఈ కార్తెలో రాయవలసింది చాలా ఉంది.

చిటుకు రోగం టీకా రెండో విడత ఈ వారం వేశాము. మొదటి విడత కృత్తికలోనే పడింది. తొలిసారి టీకా వేయించే మందకు రెండు మూడు వారాల తేడాతో రెండు మోతాదులు పడితేనే పూర్తి రక్షణ వస్తుంది, తర్వాత ఏడాదికి ఒకసారి చాలు. ఈ రోగాన్ని తెచ్చే సూక్ష్మజీవి, క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ డి రకం, గొర్రె పేగుల్లో మామూలుగానే కొద్దికొద్దిగా ఉంటుంది. ఎండు గడ్డి మీద బతికిన గొర్రె తొలకరి తర్వాత లేత పచ్చికను ఒక్కసారిగా కడుపారా మేసినప్పుడు అది విపరీతంగా పెరిగి విషం విడుదల చేస్తుంది. రాత్రి బాగున్న గొర్రె తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. అదీ మందలో అందరికన్నా పుష్టిగా ఉన్న పిల్లే అవుతుంది. వైద్యానికి సమయం దొరకదు కనుక, వాన పడకముందే రెండో మోతాదు పడి దాని బలం రక్తంలోకి రావడానికి కనీసం రెండు వారాలు గడిచి ఉండాలి. మృగశిర దాటాక శిబిరం పెట్టి ప్రయోజనం ఉండదని నేను గట్టిగా అనేది అందుకే.

టీకా సీసాలు మండల దవాఖాన ఫ్రిజ్ నుంచి మా ఊరి దొడ్డి దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనంలోనే రావాలి. నడి వేసవిలో మా ప్రాంతంలో బయట ఎండ 40 డిగ్రీలు సులభంగా దాటుతుంది. థర్మాకోల్ డబ్బాలో మంచు నింపుకొని వస్తే సరిపోతుందని అనుకునేవారు చాలామంది. కానీ చిటుకు రోగం టీకా చచ్చిన సూక్ష్మజీవులతో, విరిగిన విషంతో చేసినది. అది వేడికి ఎంత చెడుతుందో గడ్డకట్టినా అంతే చెడుతుంది. కనుక సీసాను నేరుగా మంచు మీద పెట్టకూడదు, మధ్యలో మందపాటి గుడ్డ మడత గాని అట్ట గాని ఉండాలి. గొర్రెలకు జ్వరమూ పారుడూ తెచ్చే పి.పి.ఆర్. అనే వైరస్ రోగానికి వేసే టీకా అలా కాదు. దానిలో బలహీనపరచిన బతికున్న వైరస్ పొడి రూపంలో ఉంటుంది, పొడిగా ఉన్నంతవరకూ దానికి ఎంత చల్లదనమైతే అంత మంచిది. ఈ తేడా తెలియని చోట రెండు సీసాలనూ ఒకే మంచులో పాతి తెస్తారు. అప్పుడు సూది పడుతుంది కాని రక్షణ కలగదు. మేము డబ్బాలో చిన్న ఉష్ణమాపిని వేసి, దొడ్డి చేరగానే దాని అంకెను పుస్తకంలో రాస్తున్నాము.

టీకా వేసేవేళ సంఘంలో అందరికన్నా పెద్దాయన ఒకరు తన మందను తీసుకురానన్నారు. “సూది ఏసిన ఏడే గొర్లు సచ్చినయ్ బిడ్డా, గా బాధ మీకు తెల్వది” అన్నారు. ఆయన మాటను తోసిపుచ్చలేము, అది జరిగిన విషయమే. పశువైద్యాధికారి ఆయన పక్కన అరుగు మీద కూర్చొని ఒక్కొక్కటిగా అడిగారు. “తాతా, సూది ఏసిన ఎన్ని దినాలకు సచ్చినయి? అంతకుముందు అంగడి నుంచి కొత్త గొర్లు తెచ్చినరా? సూది మార్చిండ్రా, ఒక్క సూదితోనే మందంతా ఏసిండ్రా?” ఆయన చెప్పిన దాన్ని బట్టి చూస్తే, టీకా వేసేనాటికే మందలో రోగం ప్రవేశించి ఉండాలి. రోగం ఒంట్లో పొదుగుతున్న గొర్రెను టీకా కాపాడలేదు. పైగా ఒకే సూది గొర్రె నుంచి గొర్రెకు పోతే జబ్బును అదే మోసుకెళ్తుంది. జ్వరంతో ఉన్నవి, నట్టలతో చిక్కినవి టీకాకు సరిగా స్పందించవు. అందుకే మేము ముందు నట్టల మందు పోసి, జ్వరం చూసి, ప్రతి గొర్రెకూ వేరే సూది వాడి, వాడిన సూదులను డబ్బాలో వేసి తిరిగి దవాఖానకు అప్పగిస్తున్నామని ఆయనకు చూపించాము. ఆయన ఆ రోజు పెద్ద గొర్రెలను ఆపి పిల్లలకు మాత్రమే సూది వేయించుకున్నారు. మిగిలిన వాటి సంగతి తర్వాత చూద్దామన్నారు. అంతవరకు వచ్చినందుకే నాకు సంతోషంగా ఉంది. ఆయన అనుభవాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవారి మాటకు మా ఊళ్లో విలువ ఉండదు, ఉండకూడదు కూడా.

ఎండల్లో మందలు నడిచే దూరం తగ్గించాము. ఉదయం చల్లగా ఉన్నప్పుడూ, పొద్దు వాలాకా మేపి, మధ్యాహ్నం వేపల నీడలో ఆపుతున్నారు. నీటి తొట్లను వారానికోసారి సున్నం కొట్టి కడుగుతున్నారు.

ఆరుద్ర, పునర్వసు కార్తెలు

వాన బాగానే పడింది. బీళ్లు పచ్చబడ్డాయి. చిటుకు రోగం జాడ ఏ మందలోనూ లేదు. టీకాతో పాటు, తొలి పచ్చిక మీదికి మందను ఖాళీ కడుపుతో వదలకుండా ముందు కొంత ఎండు మేత వేయమన్న మాటను అందరూ పాటించడం వల్ల కూడా అది సాధ్యమైందని నేను అనుకుంటున్నాను.

మరో రోగం అంగడి దారిలో వచ్చింది. సంఘం సభ్యుడొకరు పిల్లలతో ఉన్న తల్లి గొర్రెలను కొని తెచ్చారు. కొత్తగా వచ్చిన జీవాలను మూడు వారాల పాటు వేరు దొడ్డిలో ఉంచాలన్నది మేము చేసుకున్న కట్టుబాటు. ఊరికి దూరంగా, గాలి మందల వైపు వీచని చోట ముళ్లకంప నాటి ఆ దొడ్డి కట్టాము. దానికి వేరే తొట్టి, వేరే బకెట్టు ఉన్నాయి. ముందు సొంత మందను చూసుకొని, చివరన మాత్రమే అక్కడికి వెళ్లాలి. వారం తిరగకముందే అందులోని పిల్లలకు జ్వరం వచ్చింది. కళ్లలో నీరు కారి రెప్పలు అతుక్కున్నాయి. ముక్కు చీమిడి చిక్కబడింది, చిగుళ్ల మీద పిండి చల్లినట్టు పొక్కులు లేచాయి, పారుడు మొదలైంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల బండి వచ్చింది. డాక్టరు గారు ముక్కు స్రావం నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపారు. అది పి.పి.ఆర్. అని తేలింది.

పి.పి.ఆర్. వైరస్, పశువులను తుడిచిపెట్టిన ముసర రోగం వైరస్‌కు, మనుషులకు వచ్చే తట్టు వైరస్‌కు ఒకే కుటుంబంలో చుట్టం. 1942లో పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో దీన్ని తొలిసారి గుర్తించారు, మన దేశంలో 1987లో తమిళనాడులో బయటపడింది. ముసర రోగం ప్రపంచంలోనే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు, దీన్ని కూడా 2030 నాటికి అలా నిర్మూలించాలన్నది ప్రపంచ దేశాల లక్ష్యం. అది సాధ్యమేనని నమ్మడానికి తగిన కారణాలున్నాయి. మన దేశంలో వాడే టీకా ఒక్కసారి వేస్తే కనీసం మూడేళ్లు రక్షణ ఇస్తుంది, ఈ వైరస్ ఎండలో త్వరగా చస్తుంది, మనుషులకు సోకదు. గొర్రె నుంచి గొర్రెకు దగ్గరగా మెలిగినప్పుడే ముఖ్యంగా అంటుతుంది. కాబట్టి అది దూరాలు దాటడానికి ఎక్కువగా ఆధారపడేది మనుషులు జీవాలను కొనడం, అమ్మడం, లారీ ఎక్కించడం మీదే. 2017 జూన్ 20న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపిన యూనిట్లు వచ్చినప్పుడు, పొరుగు రాష్ట్రాల నుంచి లారీల్లో దిగిన జీవాలు అలసటతో, కొత్త నీటితో, కొత్త సూక్ష్మజీవులతో ఎంత ఇబ్బంది పడ్డాయో మా ఊరి పెద్దలకు గుర్తుంది. వేరు దొడ్డి కట్టుబాటు ఆ గుర్తులోంచే పుట్టింది.

వైరస్‌కు నేరుగా మందు లేదు. ఊపిరితిత్తులకు పట్టే రెండో జబ్బును ఆపడానికి డాక్టరు గారు యాంటీబయాటిక్ వేశారు. నోటి పుండ్లకు బోరిక్ పొడి కలిపిన గ్లిజరిన్ రాయడం, పారుడు ఎక్కువ ఉన్నవాటికి ఉప్పు పంచదార నీళ్లు కొద్దికొద్దిగా తాగించడం, మెత్తని గంజి పట్టించడం మా పని. కొన్ని పిల్లలు దక్కలేదు. వాటి చర్మం తీయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతైన గుంట తీసి సున్నం చల్లి పూడ్చాము.

అంగడిలో కొన్నవారికి అప్పు ఉంది. జబ్బు ముదరకముందే మిగిలిన వాటిని పక్క ఊరి అంగడిలో అమ్మేద్దామని ఇంటివారు అన్నారు. వారి బాధ అర్థమైనా, ఆ పని జరగనివ్వకూడదని సంఘం పట్టుబట్టింది. ఎందుకంటే ఈ రోగం ఊరి నుంచి ఊరికి పాకడానికి అన్నిటికన్నా పెద్ద దారి ఇదే. నష్టపోతామన్న భయంతో అమ్మే గొర్రె మరొకరి మందలో నష్టం మొదలుపెడుతుంది. మా మందలోకి వచ్చింది కూడా బహుశా అలాంటి ఎవరి భయమో. భయానికి ధర కట్టకుండా కట్టుబాటు నిలవదు. అందుకే సంఘం నిధి నుంచి ఆ కుటుంబానికి కొంత అప్పు వడ్డీ లేకుండా ఇచ్చాము. ప్రతి మందకూ పశుబీమా చేయించాలన్న తీర్మానం కూడా ఆ రోజే రాశాము. రోగాల అదుపు గురించి మాట్లాడేవారు టీకాల మీద చూపే శ్రద్ధలో కొంతైనా ఈ డబ్బు సంగతి మీద చూపాలన్నది నా అభిప్రాయం.

ఊరి మందల విషయానికి వస్తే, మా పుస్తకం అక్కరకు వచ్చింది. ఏ మందలో పెద్దవాటికి మూడేళ్లలోపు పి.పి.ఆర్. సూది పడిందో, ఏ పిల్లలకు ఇంకా పడలేదో పుట తిప్పితే తెలిసింది. వెంటనే, ఊరి అంచున ఉన్న మందల నుంచి మొదలుపెట్టి వేరు దొడ్డి వైపు వస్తూ, నాలుగు నెలలు దాటిన పిల్లలన్నింటికీ టీకా వేశారు. పొడిని దానితో వచ్చిన నీటితో కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, కాబట్టి తెల్లవారుజామున దొడ్డిలోనే కలిపి, ఒక సీసా అయ్యాకే మరొకటి విప్పారు. పెద్దాయన తన మందలో ఆపిన గొర్రెలను కూడా ఈసారి తెచ్చారు. ఊరి మందల్లో ఒక్క కొత్త కేసు కూడా రాలేదు.

మఖ కార్తె

కొద్దిగానే రాస్తాను. ఒక మందలో రెండు గొర్రెలు నెలలు నిండకముందే ఈసుకుపోయాయి. అలా ఈసుకుపోయేలా చేసే, మనుషులకూ అంటే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి ఉందేమోనన్న అనుమానంతో రక్త నమూనాలు పంపారు, ఫలితం అనుమానాన్ని నిలబెట్టలేదు. అయినా ఈతల సమయంలో చేయి పెట్టే ఆడవాళ్లందరికీ చేతి తొడుగులు ఇచ్చాము, మాయను గుంటలో పూడ్చమన్నాము. కాపలా కుక్కలకు నట్టల మాత్రలు, పిచ్చికుక్క రోగం సూది వేయించాము. చచ్చిన గొర్రె తలను కుక్కలకు వేయడం వల్లే, గొర్రె మెదడులో నీటితిత్తి పెరిగి ఒకే వైపు గిరగిరా తిరిగే జబ్బు మందలో కొనసాగుతుందని ఇప్పుడు పిల్లలు కూడా చెబుతున్నారు.

హస్త, చిత్త కార్తెలు

ముసురు. దొడ్లు బురద. ఈ సమయంలో రెండు బెడదలు వచ్చాయి.

ఒకటి గిట్టల కుళ్లు. దీనికి రాగి ఉండే మైలుతుత్తం నీటిలో నడిపించే అలవాటు పాతది. కాని గొర్రె ఒళ్లు రాగిని త్వరగా బయటికి పంపలేదు, ఆ నీళ్లు తాగితే విషమే. దానికి బదులు జింక్ సల్ఫేట్ వాడాము. వరి రైతులు పొలానికి వేసేదే కనుక ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. వంద లీటర్ల నీటికి పది కిలోలు కలిపి, దొడ్డి వాకిట్లో తవ్విన లోతు తక్కువ గుంతలో పాలిథిన్ పట్టా పరిచి నింపి, గిట్టలు శుభ్రం చేశాక కొన్ని నిమిషాలు నిలబెట్టి, పొడి నేల మీదికి వదిలాము. దొడ్డిని ఎత్తు మీదికి మార్చడం ఇంతకన్నా బాగా పనిచేసింది.

రెండోది నీలి నాలుక. మూతి, పెదవులు ఉబ్బి, నోటి నుంచి నురగ కారి, గిట్టల పై అంచు ఎర్రబడి గొర్రె కుంటుతుంది. గొర్రె నుంచి గొర్రెకు ముట్టుకుంటే అంటదు. పెంట బురదలో పెరిగే, కంటికి సరిగా ఆనని చిన్న ఈగలు కుట్టడం వల్ల వస్తుంది. ఈ వైరస్‌లో ఇరవైకి పైగా రకాలున్నాయి, మన దేశంలో తయారైన టీకా వాటిలో 1, 2, 10, 16, 23 రకాల మీద పనిచేస్తుంది. మా మందలకు ఆ టీకా వేసవిలోనే కొన్నింటికి పడింది. పొద్దుగూకే వేళ వేపాకు పొగ పెట్టడం, పెంటను రోజూ దూరంగా కుప్ప వేయడం, చెరువు గట్టు దగ్గర రాత్రి మంద ఆపకపోవడం మిగిలిన జాగ్రత్తలు. కొన్ని గొర్రెలు కుంటాయి, మూతి ఉబ్బిన వాటిని నీడలో ఉంచి మెత్తని గంజి, లేత ఆకు పెట్టాము. అవి తేరుకున్నాయి.

స్వాతి, విశాఖ కార్తెలు

సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వరికోతలు మొదలయ్యాయి. మిర్యాలగూడ వైపు మందలు కదులుతున్నాయి. రాత్రి పొలంలో వల కట్టి మందను పడుకోబెడితే రైతుకు ఎరువు, కాపరికి గాసం. కాని ఈ ప్రయాణంలో రెండు జాగ్రత్తలు లేకపోతే ఆరు నెలల శ్రమ నీటిపాలవుతుంది.

కోసిన మడిలో రాలిన వడ్లను గొర్రె ఒక్కసారిగా మేస్తే కడుపు పులిసి పడిపోతుంది, చిటుకు రోగం కూడా మళ్లీ తలెత్తవచ్చు. కొత్త మడిలో దింపేముందు మందను ఎండు మేతతో కొంత నింపాలని, తొలిరోజు కాసేపే మేపి బయటికి తీయాలని అందరితో మాట తీసుకున్నాము. రోహిణి తర్వాత పుట్టి ఇప్పుడు మేతకు వచ్చిన పిల్లలకు చిటుకు టీకా వేశాకే వాటిని కదిలించాము. రెండో జాగ్రత్త జలగల గురించి. కాలువ గట్ల నత్తల ద్వారా పెరిగే కార్జపు జలగల పిల్లలు నీటి అంచు గడ్డికి అంటుకొని ఉంటాయి. ఆ గడ్డి మీద మంచు ఆరకముందు మేపకూడదు, పంట కాలువల్లో నీళ్లు తాగించకూడదు. మేసిన తర్వాత కార్జంలో జలగ పెరగడానికి వారాలు పడుతుంది, కాబట్టి ఆయకట్టు నుంచి తిరిగి వచ్చాక పేడ పరీక్ష చేయించి, డాక్టరు గారు చెప్పిన మందును చెప్పిన మోతాదులో పోయిస్తాము.

ప్రతి కాపరి దగ్గర తన మంద పుట నకలు, వెళ్తున్న మండలంలోని పశువైద్యశాల ఫోన్ నంబరు ఉన్నాయి. సంక్రాంతి తర్వాత మందలు వెనక్కి వస్తాయి. అప్పుడు నాలుగు నెలలు నిండిన పిల్లల జాబితా తీసి పి.పి.ఆర్. టీకాకు దవాఖానలో ముందే పేరు రాయించాలి, వేరు దొడ్డి ముళ్లకంపను కొత్తగా వేయాలి, ఈ ఏడు చెవి పోగు పడని వాటికి పోగులు వేయించాలి.